పదకొండోసారి డిస్నీల్యాండ్ - మొహం మొత్తదా?

పోయిన వేసవిలో అమ్మానాన్న అమెరికా వచ్చారు. దక్షిణ కాలిఫోర్నియాలో ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ రాసిపెట్టని ఒక సిలబస్ ఉంటుంది కదా... ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటివారం జెట్‌లాగ్, రెండోవారం గుడి, కాస్ట్‌కో, మూడోవారం డిస్నీల్యాండ్. మావాళ్ళకీ అదే సిలబస్. తీసుకెళ్ళాను.

క్యూలో నిలబడ్డప్పుడు నాన్న అడిగాడు.

"నువ్విక్కడికి ఎన్నోసారి వచ్చుడురా?"

"పదకొండోసారి."

"మొహం మొత్తలేదా?"

లేదు అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ టైంలో నేను ఫోన్లో ఆఫీసు మెయిల్ చూసుకుంటున్నాను. ఆ రైడ్ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ చీకటి పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పేయగలను. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం రాత్రి పార్కు మూసేదాకా తిరిగి, కాళ్ళు వాచిపోయి, మర్నాడు సెలవు పెట్టాను. పదకొండోసారికి మెయిల్ చూసుకుంటున్నాను. మరి మొహం మొత్తినట్టా, కాదా?

ఆ ప్రశ్న బుర్రలో ఉండిపోయింది. తర్వాత రెండు మూడు వారాంతాలు ఈ పార్కుల చరిత్ర మీద దొరికిందల్లా చదివాను. తేలిందేంటంటే, మా నాన్న అడిగిన ప్రశ్న కొత్తదేం కాదు. పార్కులు కట్టినవాళ్ళని నూట పాతికేళ్ళ నుంచి నిద్రపోనివ్వని ప్రశ్న అదే.

బల్బులు చూడ్డానికి టికెట్ కొన్న కాలం

న్యూయార్క్ నగరం చివర, సముద్రం ఒడ్డున కోనీ ఐలాండ్ ఉంది. అక్కడ జార్జ్ టిల్యూ అని ఒకాయన. 1893లో పెళ్ళి చేసుకుని హనీమూన్‌కి షికాగో వెళ్ళాడు. అక్కడ ప్రపంచ ప్రదర్శనలో మొట్టమొదటి ఫెర్రిస్ వీల్ తిరుగుతోంది. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది పడతారు. కొనేద్దామనుకున్నాడు, కుదరలేదు. అంతకంటే చిన్నది ఒకటి ఆర్డరిచ్చి, అది రాకముందే ప్రపంచంలోకెల్లా పెద్ద ఫెర్రిస్ వీల్ ఇక్కడ రాబోతోందని బోర్డు పెట్టేశాడు. (మన ఊరి బయట రియల్ ఎస్టేట్ వెంచర్ల బోర్డులు గుర్తొస్తున్నాయా?) 1897లో స్టీపుల్‌ఛేజ్ పార్క్ తెరిచాడు.

1903లో దాని పక్కనే థాంప్సన్, డండీ అనే ఇద్దరు లూనా పార్క్ పెట్టారు. అందులో పెద్ద ఆకర్షణ కరెంటు బల్బులు. రెండున్నర లక్షల బల్బులు! చాలామంది ఇళ్ళల్లో ఇంకా దీపాలే వెలుగుతున్న రోజులవి. రాత్రి ఆ గోపురాలన్నీ ఒక్కసారిగా వెలిగితే జనం నోళ్ళు వెళ్ళబెట్టి చూశారంటే చూడరూ మరి! మరుసటి ఏడాది, 1904లో, ఎదురుగా డ్రీమ్‌ల్యాండ్ వచ్చింది. వాళ్ళు పది లక్షల బల్బులు పెట్టారు. ఫీచర్‌కి ఫీచర్, రిలీజ్‌కి రిలీజ్... మనకి బాగా తెలిసిన ఆటే.

ఈ ఆటలో చిక్కేంటంటే, పోయినేడు నోరు వెళ్ళబెట్టినవాడు ఈ ఏడు ఆవలిస్తాడు. థాంప్సన్‌కి అది తెలుసు. అందుకే సీజన్ సీజన్‌కీ పాతవి పీకేసి కొత్తవి కట్టిస్తూ పోయాడు. 1912 నాటికి దివాలా తీసి పార్కు పోగొట్టుకున్నాడు. డ్రీమ్‌ల్యాండ్ అంతకుముందే, 1911లో కాలిపోయింది, మళ్ళీ కట్టలేదు. ఇతరుల చేతుల్లోకి వెళ్ళిన లూనా పార్క్ కూడా 1944లో మంటల్లో దెబ్బతిని మూతపడింది. ఇక బల్బుల సంగతంటారా, ఆలోపే ఇంటింటికీ కరెంటొచ్చేసింది. వంటింట్లో వెలిగేదాన్ని చూడ్డానికి టికెట్ ఎవడు కొంటాడు?

మరి మూడింటిలో ఎక్కువకాలం బతికింది ఏది? అన్నిటికంటే ముందొచ్చిన స్టీపుల్‌ఛేజ్. 1907లో అదీ కాలిపోయింది. టిల్యూ ఏం చేశాడో తెలుసా? కాలిన బూడిద చూడాలంటే పది సెంట్లు అని టికెట్ పెట్టాడు! మళ్ళీ కట్టాడు. ఆ పార్కు 1964 దాకా నడిచింది.

ఎందుకలా? నా లెక్క ప్రకారం కారణం ఒకటుంది. అక్కడి పేరుమోసిన రైడ్ మరగుర్రాల పందెం. అది దిగి బయటికి రావాలంటే ఒక చిన్న స్టేజీ మీంచి నడవాలి. కింద నుంచి గాలి భుస్సుమని కొడుతుంది. టోపీలు ఎగిరిపోతాయి, గౌన్లు పైకి లేస్తాయి, ఒక విదూషకుడు వెంటపడతాడు. ఎదురుగా బెంచీల మీద కూర్చున్న జనం పడీపడీ నవ్వుతుంటారు. వాళ్ళెవరు? కాసేపటి క్రితం అదే స్టేజీ మీద అవస్థపడి వచ్చినవాళ్ళే! ఈ కాలంలో అయితే కేసులవుతాయనుకోండి, అది వేరే సంగతి. విషయమేంటంటే, టిల్యూ అమ్మింది యంత్రాన్ని కాదు, మనుషుల్ని. యంత్రం ప్రతిసారీ ఒకేలా తిరుగుతుంది. మనుషులు ఏ రెండుసార్లూ ఒకేలా ఉండరు.

బెంచీ మీద నాన్న

ఇక డిస్నీ సంగతి. వాల్ట్ డిస్నీ శనివారాలు కూతుళ్ళిద్దర్నీ లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడట. పిల్లలు రంగులరాట్నం ఎక్కేవాళ్ళు, ఆయన బెంచీ మీద కూర్చుని పల్లీలు తినేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటుంటే బాగుండునన్న ఆలోచన అక్కడ పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. అంటే డిస్నీల్యాండ్ మొదలైందే బోరు కొట్టిన ఒక నాన్న వల్ల! ఆ పార్కులోని బెంచీ ఒకటి తర్వాత డిస్నీల్యాండ్‌లో ప్రదర్శనకి కూడా పెట్టారు.

1955 జూలై 17న పార్కు తెరిచారు. ఆయనకి ఈ పార్కంటే ఎందుకంత ఇష్టమో చాలాసార్లు చెప్పాడు. సినిమా ఒకసారి విడుదలయ్యాక నచ్చని ముక్క మార్చలేం, పార్కునైతే ఎప్పటికీ మారుస్తూనే ఉండొచ్చు అని. మన భాషలో చెప్పాలంటే సినిమా సీడీలో అమ్మేసిన సాఫ్ట్‌వేర్, పార్కు రోజూ ప్యాచ్ వేసుకోగలిగే వెబ్‌సైట్. అన్నట్టే చేశాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1959లో, మాటర్‌హార్న్ కొండ, జలాంతర్గాములు, మోనోరైలు ఒకేసారి వచ్చాయి.

ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబర్‌లో తెరుచుకుంది. తమాషా ఏంటంటే అదే 1971లో బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక వ్యాసం రాశారు. సంతోషం కలిగించేది ఏదైనా కొన్నాళ్ళకి అలవాటైపోతుంది, మనిషి మళ్ళీ మొదటికే వస్తాడు, ఇంకా పెద్దది కావాలంటాడు అని. 'హెడోనిక్ ట్రెడ్‌మిల్' అన్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాం. జీతం పెరిగిన మూడో నెలకి మనకి ఏమనిపిస్తుందో గుర్తు తెచ్చుకోండి, అదే :-)

టికెట్ మారింది, మనం మారాం

ఇక్కడిదాకా పార్కు వైపు కథ. నాకు అసలు కళ్ళు తెరిపించింది టికెట్ కథ.

డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు పెద్దవాళ్ళకి లోపలికి పోవడానికి ఒక డాలరు. రైడ్‌లకి వేరేగా ఇచ్చుకోవాలి. ఆ ఏడాది అక్టోబర్లోనే టికెట్ పుస్తకాలు వచ్చాయి. ఎ, బి, సి అని తరగతులు. 'ఎ' అంటే చిన్నాచితకా, 'సి' అంటే గొప్పవి. తర్వాత 'డి', 1959లో 'ఇ' కలిశాయి. పుస్తకంలో 'ఇ' టికెట్లు నాలుగైదు ఉంటే అవి జాగ్రత్తగా వాడుకోవాలి. ఎక్కేముందు ఇంట్లోవాళ్ళంతా కూర్చుని చర్చించుకోవాలి. మిగిలిపోయిన 'ఎ' టికెట్లు ఏళ్ళ తరబడి ఇంట్లో సొరుగుల్లో పడుండేవి. 'ఇ-టికెట్' అంటే అమెరికాలో 'అన్నిటికంటే గొప్పది' అని ఒక నుడికారమే అయిపోయింది. 1983లో రోదసిలోకి వెళ్ళిన మొదటి అమెరికన్ మహిళ శాలీ రైడ్ కూడా రాకెట్ ప్రయాణాన్ని ఇ-టికెట్‌తోనే పోల్చింది.

కానీ అప్పటికి ఆ టికెట్లే లేవు. 1982లో పుస్తకాలు ఎత్తేసి, ఒకే టికెట్‌తో రోజంతా ఎన్నయినా ఎక్కండి అన్నారు. ఆ దశాబ్దంలోనే ఏడాది పాసులు కూడా వచ్చాయి. ఎన్ని రోజులైనా రండి. కోవిడ్ వల్ల 2020 మార్చి నుంచి 2021 ఏప్రిల్ చివరిదాకా పార్కు మూసేశారు. ఆ మధ్యలోనే, 2021 జనవరిలో, పాత పాసుల్ని రద్దు చేశారు. ఆగస్టులో 'మ్యాజిక్ కీ' పేరుతో, వచ్చే రోజు ముందే రిజర్వ్ చేసుకోవాలన్న షరతుతో కొత్తవి తెచ్చారు.

వరస గమనించారా? మొదట రైడ్‌కి ఇంత. తర్వాత రోజుకి ఇంత. తర్వాత ఏడాదికి ఇంత. ఒక్కో మెట్టుకీ ఒక్కో ఎంపిక మన చేతిలోంచి జారిపోయింది. ఏ రైడ్ ఎక్కాలో ఆలోచించక్కర్లేదు, ఎప్పుడు వెళ్ళాలో తపించక్కర్లేదు. నా దగ్గరున్నదీ పాసే. కొన్నరోజే ఎక్సెల్ షీట్ తీసి లెక్కేశాను. ఎన్నిసార్లు వెళ్తే ఒక్కోసారికి అంత చవక. ఆ క్షణం నుంచి నేను వెళ్ళింది సరదాకి కాదు, వసూలుకి. పెళ్ళి బఫేలో ఆకలి తీరాక కూడా ప్లేటు నింపుకునేవాణ్ణి చూసి నవ్వుతాం కదా, నేను చేసిందీ అదే.

వంద రూపాయల నోటు

మాది హైదరాబాద్. చిన్నప్పుడు ఏడాదికోసారి, సంక్రాంతి అటూ ఇటూగా, నాంపల్లి నుమాయిష్‌కి వెళ్ళేవాళ్ళం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న గ్రౌండ్స్‌కి మారిన ఆ ఎగ్జిబిషన్ ఏటా జనవరి 1న మొదలై నెలన్నర నడుస్తుంది. గేటు దగ్గర ఒక టికెట్, లోపల ఆటలకి వేరే టికెట్. అంటే అచ్చం 1955 నాటి డిస్నీల్యాండే!

నాన్న వంద నోటు తీసి నాకూ చెల్లికీ చూపించి, "ఇంతే. ఏది ఎక్కుతరో మీరే చూస్కోండి" అనేవాడు. జెయింట్ వీలా, కొలంబసా? గంటసేపు పంచాయితీ. చెల్లి ఏడుపు. ఒక ఏడు కొలంబస్ ఎక్కి దిగాక తిన్న మిర్చి బజ్జీ అంతా చెల్లి నాన్న చొక్కా మీదే కక్కింది. ఇంకో ఏడు జెయింట్ వీల్ పైన ఉండగా కరెంటు పోయి, అమ్మ హనుమాన్ చాలీసా మొదలెట్టింది. ఏ ఏడు ఏం ఎక్కామో ఇప్పటికీ చెప్పగలను. పదేళ్ళు వరసగా వెళ్ళాం, అవే ఆటలు, అవే దుకాణాలు. మొహం మొత్తలేదు. డిస్నీల్యాండ్‌కి పదకొండుసార్లు వెళ్ళాను. ఏడోసారి ఎవరితో వెళ్ళానో గుర్తురావడం లేదు.

కాబట్టి పదే పదే వెళ్తే మొహం మొత్తుతుందా అంటే, రైడ్ మొత్తుతుంది. ఏ రైడ్ అయినా. ఆ పరుగులో లూనా పార్క్ ఓడిపోయింది, డిస్నీ ఇంకా పరిగెడుతూనే ఉంది. వాళ్ళ వ్యాపారం వాళ్ళది, పాస్ వద్దని నేను చెప్పబోవడం లేదు. వారం వారం వెళ్ళి మెయిన్ స్ట్రీట్‌లో కాఫీ తాగి వచ్చే పెద్దవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకది పక్కవీధి పార్కు. వాళ్ళకి మొత్తదు, ఎందుకంటే వాళ్ళు రైడ్ కోసం రావడం లేదు. నాలాగా రైడ్‌ల కోసం వెళ్ళి, ఎంచుకునే కష్టాన్నీ ఎదురుచూసే కష్టాన్నీ పాస్ ఇచ్చి వదిలించుకున్నవాడికే చిక్కు. ఆ కష్టంలోనే సగం మజా ఉందని తెలిసేసరికి పదకొండుసార్లు పట్టింది.

ఆ రోజు సాయంత్రం నేనూ అమ్మా ఒక రైడ్ ఎక్కి వచ్చేసరికి నాన్న బెంచీ మీద ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులు, రానన్నాడు. గంట పైనే అయింది. పాపం విసుగొచ్చి ఉంటుందని, "బోర్ కొట్టిందా నాన్నా?" అన్నాను.

"బోరెందుకు? అగో, ఆ పోరన్ని చూడు. మూడుసార్లు ఎక్కిండు, మళ్ళ ఎక్కుతనని కిందపడి ఏడుస్తుండు. వాళ్ళ నాయన ఒక్కతీరు బతిమాలుతుండు. ఏం చేస్తడో చూద్దామని కూసున్న."

నేనూ పక్కన కూర్చున్నాను. అమ్మ సంచీలోంచి చేగోడీల పొట్లం తీసింది. చివరికి ఆ నాయనే ఓడిపోయి, పిల్లాణ్ణి ఎత్తుకుని నాలుగోసారి క్యూలోకి వెళ్ళాడు. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తున్నది అదే.

పోయిన నెల పాస్ గడువు అయిపోయింది. రెన్యూ చేయలేదు. వచ్చే ఏడాది చెల్లీ బావా వస్తామన్నారు. వాళ్ళొస్తే మామూలు టికెట్ కొని ఒక్కరోజు వెళ్తాం. ఏ రైడ్ ముందు ఎక్కాలో తేల్చుకోవడానికి అన్నాచెల్లెళ్ళిద్దరం ఇప్పట్నుంచే వాట్సాప్‌లో కొట్టుకుంటున్నాం.

మీలో పాసులున్నవాళ్ళు ఉంటే ఒక్క ప్రశ్న. పోయిన మూడుసార్లు ఎవరెవరితో వెళ్ళారో గుర్తుందా?