పీలాహౌస్ - మన పేట పక్క టాకీసులు

బొంబాయిలో పెరిగిన తెలుగోళ్ళకు పీలాహౌస్ అంటే వేరే చెప్పనక్కర లేదు. గ్రాంట్ రోడ్డు దగ్గర, కామాటిపురను ఆనుకొని ఆల్ఫ్రెడ్, న్యూ రోషన్, రాయల్, గుల్షన్, నిషాత్ టాకీసులున్న జాగా. ఒకప్పుడు ఆడ పసుపు రంగు ఇల్లు ఉండేదేమో అనుకుంటరు ఇప్పటి పిల్లలు. రంగుతో సంబంధం లేదు. అది 'ప్లే హౌస్', అంటే నాటకశాల. మనోళ్ళు స్కూలును ఇస్కూలు చేసుకున్నట్టే, బొంబాయి జనం నోట్ల నాని ప్లే కాస్తా పీలా అయింది.

జగన్నాథ్ శంకర్‌శేఠ్ చొరవతో 1846లో గ్రాంట్ రోడ్డు మీద నాటకశాల తెరిచిన్రు. పార్సీ నాటక కంపెనీల కాలంలో చుట్టుపక్కల ఇంకొన్ని లేచినయి. ఆల్ఫ్రెడ్ కూడా మొదట రిపన్ అనే నాటకశాలే. సినిమా వచ్చినంక ఇవి టాకీసులైనయి.

వీటి పక్కనే మన పేట. కామాటి అంటే మట్టి పని, కూలి పని చేసేటోడు. నైజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు, దీవుల నడుమ పల్లం పూడ్చిన నేల మీద కాపురం పెట్టిన్రు. వాళ్ళ పనే పేటకు పేరైంది. మా తాత పాలమూరు దిక్కు నుంచి వచ్చినోడు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మన పేట నుంచి నడిచి పోయేటంత దూరంలో, కెన్నెడీ బ్రిడ్జి దగ్గర ఇంపీరియల్ కంపెనీ స్టూడియో ఉండేది. రైళ్ళ చప్పుడు పడకుండ రాత్రిళ్ళు షూటింగ్ చేసి, అర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా' తీసింది ఆడనే. అది 1931 మార్చి 14న గిర్గావ్ మెజెస్టిక్‌లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి గారు సురభి నటులతో 'భక్త ప్రహ్లాద' తీసిన్రు. ఆ పూర్తి తెలుగు టాకీ 1932 ఫిబ్రవరి 6న మొదట ఆడింది బెజవాడలో కాదు, మద్రాసులో కాదు, బొంబాయి కృష్ణా సినిమాలో! ఎల్.వి. ప్రసాద్ గారు ఆలం ఆరాలోనూ నటించిన్రు, ఇందులోనూ నటించిన్రు.

మా చిన్నప్పటికి పీలాహౌస్ నిండా హిందీ సినిమాలే. ఆల్ఫ్రెడ్ ముందు చేత్తో గీసిన పెద్ద బొమ్మలు పెట్టేటోళ్ళు. బ్లాక్ టికెట్లోడు "దస్ కా బీస్" అని అరిస్తే, మా అవ్వ "పదికి ఇరవయ్యా, నీ ఇల్లు సల్లగుండ!" అనేది. తెలుగు సినిమా కావాలంటే మాటుంగా అరోరా దాకా పోవాలె. ఆ సినిమాల్లో మాట కోస్తా మాట. మా ఇంట్ల మాటేమో పాలమూరుది, అందులో మరాఠీ, హిందీ కలిసినయి. అర్రను ఖోలీ అనేటోళ్ళం, నీళ్ళు నల్లా కాడ పట్టేటోళ్ళం. "వాళ్ళది పుస్తకం తెలుగు, మనది ఇంటి తెలుగు" అని అవ్వ తేల్చేసింది. తెర మీద మా మాట వినపడని ఆ రోజుల్లో, అది నిలిచింది ఖోలీల్లో, టికెట్ క్యూల్లో.

బ్యాంకులో పని చేసినోడిని కాబట్టి లెక్క ఎట్ల తప్పిందో నాకు కనపడుతది. తక్కువ ధర టికెట్, ఒక్కటే తెర, కింద బంగారమంత విలువైన నేల. వీడియో, టీవీ, మల్టీప్లెక్సులు వచ్చినంక వసూళ్ళు ఖర్చులకు చాలలేదు. కొన్ని మూతపడ్డయి, కొన్ని పాత సినిమాలతో నెట్టుకొచ్చినయి. అంత దూరంలోనే 1911 నాటి రాయల్ ఒపేరా హౌస్‌ను బాగుచేసి 2016లో మళ్ళ తెరిచిన్రు. సంతోషమే. కూలీలు కూసున్న టాకీసులకు ఆ యోగం పట్టలేదు.

ఇప్పుడు కామాటిపుర మొత్తం కూలగొట్టి కట్టే మాట నడుస్తున్నది. పేటకు చెడ్డపేరు అంటిందని మా తరంలో చాలామంది చిరునామాలో గ్రాంట్ రోడ్డు అనే రాసుకున్నరు. నేను చూసిన ఖాతా ఫారాలే దానికి సాక్ష్యం. గోడలు పోయి, పేరు కూడ చెప్పుకోకపోతే, మన తాతలు ఈ శహరు కట్టిన్రనే గుర్తు ఏడ మిగులుతది?

అందుకని ఒక మనవి. మీ ఇంట్ల పెద్దోళ్ళు ఉంటే అడుగుండ్రి: నేల టికెట్టును ఏమనేటోళ్ళు, గేటు కాడ నిలబడేటోడిని ఏమని పిలిచేటోళ్ళు, ఏ టాకీసుకు ఏ పేరు పెట్టుకున్నరు. వాళ్ళు అన్నది అన్నట్టే, దిద్దకుండ, ఈడ రాయుండ్రి. కామాటిపుర అని పేట పేరు కూడ రాయుండ్రి.