తుంగభద్ర నల్లరేగడి – మన క్యాంపుల సేద్యము

ఉగాదినాడు పంచాంగశ్రవణములో వర్షము ఎన్ని భాగములో పెద్దలు శ్రద్ధగా వింటారు. గంగావతి, కారటగి, సింధనూరు ప్రాంతములందలి మన క్యాంపు కుటుంబములకు మాత్రము ఆనకట్టలో ఎన్ని అడుగుల నీరున్నదనేదే అసలు పంచాంగము. కాలువను గూర్చి మాట్లాడుకొన్నంతగా, ఆ కాలువ పారుతున్న నేలను గూర్చి మనము మాట్లాడుకోలేదు. ఆ లోటు కొంత తీర్చవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇక్కడి నేల చాలవరకు నల్లరేగడి. కన్నడిగులు ఎరె భూమి అంటారు. అందులో సుమారు సగము బంకమన్నే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొని చేయి దూరేటంత నెర్రెలు విచ్చుతుంది. రైల్వే గుమాస్తాగిరీలో ఉన్న మాకు దీని అల్లరి ఇంకొక వైపునుంచి కూడ తెలుసు. రేగడిపై పోసిన కట్ట వానలకు మెత్తబడి పట్టాల మట్టము చెడగొట్టుతుంది. కంకర క్రింద మొరము పరచితేగాని దారికి రాదు.

ఇంజనీర్లను ఏడిపించే ఈ గుణమే మెట్టరైతుకు వరమైనది. ఏడాదికి 20, 25 అంగుళాల వాన మాత్రమే పడే సీమ ఇది. తొలకరి నీరు నెర్రెల గుండా లోతుకు దిగుతుంది. తరువాత మన్ను ఉబ్బి నెర్రెలు పూడి, నీరు అడుగున నిలువ ఉంటుంది. బళ్లారి, రాయచూరు రైతులు వానకాలమంతా గుంటక తోలుతూ కలుపు చంపి, వానలు వెనుకబట్టిన తరువాత గొర్రుతో జొన్న, సెనగ, కుసుమ వేసేవారు. పైరు ఆ అడుగు చెమ్మతోనే పండేది. అంతా పదునులో ఉన్నది. తడి మీద దున్నితే పెళ్లలు లేస్తాయి. ఆరిన తరువాత నాగలి దిగదు. ఆ మధ్యనున్న కొద్దిరోజులు కనిపెట్టినవాడే రేగడి రైతు.

ఇటువంటి నేలకు కాలువనీరు పెట్టవచ్చునా అనేది పాత తగవే. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు తుంగభద్ర నీటితో కర్నూలు – కడప కాలువ త్రవ్వించినారు. ఆ దారిలోని రేగడి రైతులు మంచి వానలైన ఏడు నీరు మాకు అక్కరలేదన్నారు. కంపెనీ నష్టపోయి, 1882లో కాలువను ప్రభుత్వము కొనవలసివచ్చినది. రైతులు మొండివారని అప్పటి దొరలు అనుకొన్నారు గాని, మా దృష్టిలో వారు తమ మన్నును ఎరిగినవారు. అందుకే తుంగభద్ర ఆనకట్టకు ముందు, 1937లో సిరుగుప్పలో పరిశోధన క్షేత్రము పెట్టి రేగడికి నీరు పెట్టితే ఏమవునో పరీక్షించినారు.

1945లో శంకుస్థాపన జరిగినది. 1953లో కాలువలకు నీరు వదిలినారు. కొద్ది నీరు ఎక్కువ ఎకరములకు పంచి కరవు తప్పించవలెనని సర్కారు సంకల్పము. జొన్న, ప్రత్తి, వేరుసెనగవంటి ఆరుతడి పైర్లకే పెద్ద భాగము. వరికి కేటాయించినది స్వల్పము.

అప్పుడే కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి మన పెద్దలు వచ్చినారు. అక్కడ ఎకరము అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరములు వచ్చే రోజులవి. చెట్లు కొట్టి, మిట్టలు చదునుచేసి, గట్లు వేసి, దమ్ము చేసి వరి నాటినారు. దమ్ముచేసిన రేగడి నీటిని క్రిందికి పోనివ్వదు గనుక వరి విరగపండినది. గంగావతి బియ్యానికి పేరు వచ్చినది. ఆ కష్టాన్ని తక్కువచేసి మాట్లాడేవారితో మేము ఏకీభవించము.

అయితే రెండవ వైపు కూడ చెప్పవలెను. డెల్టాలో మన నేలలూ బంకవే. కాని అక్కడ పంటకాలువతోపాటు మురుగుకాలువ ఉన్నది. ఇక్కడ నీరు వచ్చే దారి చూచుకొన్నంతగా పోయే దారి చూడలేదు. చదునుచేయడములో వాననీరు పోయే హళ్ళలు కొన్ని పూడినవి. నీరు దిగక నేలలో మట్టము పైకి వచ్చినది; అది ఆరేటప్పుడు ఉప్పును పైన వదిలినది. మనము చౌడు అనేదానినే ఇక్కడివారు సవుళు అంటారు. ఆయకట్టులో ఇలా ఊట, చౌడు పట్టిన భూమి 96 వేల హెక్టార్లని పరిశోధకులు ఉదాహరించే లెక్క. పై భాగమున వరికి నీరు నిలిచిపోగా, చివర మాన్వి, రాయచూరు వైపు రైతు ఎండిన కాలువ చూచుకొంటున్నాడు. అతడు కన్నడిగుడైనా, మనవాడైనా బాధ ఒకటే.

దీనికి మందు లేకపోలేదు. గంగావతి పరిశోధన కేంద్రమువారు మీటరు లోతున చిల్లుల గొట్టములు పాతి ఉప్పునీటిని వెలికి తీసే పద్ధతి చేసి చూపినారు. క్షారపు చౌడుకు జిప్సము పనిచేస్తుంది గాని, మురుగు పోయే దారి లేకపోతే ఖర్చు దండుగ. జీలుగ వేసి కలియదున్నితే మన్ను గుల్లబారుతుంది. గొట్టములు ఒక్క కమతములో వేసినందువలన ప్రయోజనము తక్కువ. ప్రక్క చేనివారు, హళ్ళ ఒడ్డువారు కలిసి రావలెను. కుంటలో పూడిక తీయడానికి ఏకమయ్యే క్యాంపులు దీనికి ఎందుకు జంకుతున్నవో తెలియదు.

ఆనకట్టలో ఒండ్రు చేరి, మొదట 133 టి.ఎం.సీ.లు పట్టే జలాశయములో ఇప్పుడు సుమారు 105 మాత్రమే నిలుస్తున్నది. రెండవ పైరుకు నీరు చాలని ఏటిలో కొందరు మనవారు వరికోసిన మళ్లలో చెమ్మ ఆరకముందే సెనగ చల్లుతున్నారు. విత్తే రోజు ఎప్పుడని ప్రక్క ఊరి కన్నడ రైతును అడిగి తెలుసుకొంటున్నారు.