2¹²⁷ − 1: ఒక ప్రధాన సంఖ్య చరిత్ర

ప్రధాన సంఖ్య అంటే ఏమిటో మీకు తెలుసు. అయితే ఒక సంఖ్య ప్రధానమని చెప్పడం వేరు, నిరూపించడం వేరు. ఈ భేదాన్ని 39 అంకెల ఒక సంఖ్య చరిత్ర ద్వారా ఈ భాగంలో తెలుసుకొంటారు. ఆ సంఖ్య:

170141183460469231731687303715884105727

1. మెర్సెన్ జాబితా

2ⁿ − 1 ప్రధానం కావాలంటే n ప్రధానం కావాలి. కాని అంతమాత్రాన సరిపోదు. ఉదాహరణకు, 2¹¹ − 1 = 2047 = 23 × 89.

ఫ్రాన్సుకు చెందిన క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమే ప్రధాన సంఖ్యలను ఇస్తాయన్నాడు. నిరూపణ చూపలేదు. 67, 257 తప్పని, 61, 89, 107 జాబితాలో ఉండవలసినవని తరువాత తేలింది. 127 విషయంలో ఆయన మాట నిజమే. అయినా 232 ఏళ్లపాటు అది మాటగానే మిగిలింది.

కారణం ఏమిటి? ఈ సంఖ్య వర్గమూలంలోనే 20 అంకెలున్నాయి. అంతవరకు గల ప్రతి సంఖ్యతోను సెకనుకు ఒక భాగహారం చొప్పున చేసినా 40 వేల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది.

2. లూకాస్ పరీక్ష

1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకాస్ భాగహారాల దారి విడిచి కొత్త దారి పట్టాడు. 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్ని వర్గం చేసి 2 తీసివేయాలి. ప్రతిసారీ 2ᵖ − 1 తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. p ప్రధానమై, దానిని 4తో భాగించినప్పుడు శేషం 3 వస్తే, (p − 1)వ పదం 0 అయినప్పుడే 2ᵖ − 1 ప్రధానం అవుతుంది.

p = 7 తీసుకొని మీరే చేసి చూడండి. 127తో భాగించగా వచ్చే పదాలు: 3, 7, 47, 48, 16, 0. ఆరవ పదం 0 కనుక 127 ప్రధానం. p = 127 అయితే ఈ పనిని 125 సార్లు చేయాలి. చేతితో కష్టమే, కాని సాధ్యం.

2⁶⁷ − 1 ప్రధానం కాదని కూడా లూకాస్ చూపాడు. కారణాంకాలు మాత్రం తెలియలేదు. వాటిని 1903లో ఫ్రాంక్ నెల్సన్ కోల్ కనుగొన్నాడు: 193707721 × 761838257287.

3. ఆ తరువాత

2¹²⁷ − 1 తెలిసిన ప్రధాన సంఖ్యలలో 75 ఏళ్లపాటు అతి పెద్దదిగా నిలిచింది. 1951లో ఫెరియర్ చేతి గణన యంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను నిరూపించాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్‌శాక్ కంప్యూటరుతో 79 అంకెల సంఖ్యను సాధించారు. దాని రూపం 180 × (2¹²⁷ − 1)² + 1. పాత సంఖ్యే కొత్తదానికి పునాది అయిందని గమనించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. p = 11కు లూకాస్ పరీక్ష చేయండి. పదవ పదం 0 అవుతుందా?
2. కారణాంకాలు తెలియకుండానే ఒక సంఖ్య ప్రధానం కాదని ఎలా చెప్పగలం? వివరించండి.