ప్రతిభగల బాలబాలికల విద్య

మందమతులగు పిల్లలను గూర్చి మనవారు చింతించుట కలదు గాని చుఱుకైన పిల్లలను గూర్చి చింతించువారు మిక్కిలి యరుదు. "వానికేమి, ఎక్కడ వేసినను మొలచును" అని తల్లిదండ్రులు తృప్తి నొందుదురు, ఉపాధ్యాయులును అంతే. నలువదిమంది గల తరగతిలో, నల్లబల్లపై వ్రాసిన లెక్కను అందఱికంటె ముందుగా ముగించి తలయెత్తు పిల్లకు మన బడులలో దొరకు బహుమాన మేమి? "ఊరకుండు"మను నాజ్ఞ, లేదా తక్కిన పిల్లలు అల్లరి చేయకుండ జూచు కావలి పని. ఏండ్ల తరబడి యిట్లు గడచిన పిమ్మట నా పిల్ల నిజముగనే యూరకుండుట నేర్చుకొనును. విద్యకు గలుగు నష్టములలో నెవరి కంటను బడని నష్ట మిది.

మేము పాఠములు చెప్పుచున్న మేడ్చలు, శామీరుపేట ప్రాంతమున నీ ప్రశ్నకు రెండు ముఖములు కనబడుచున్నవి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయమును, 2008లో వెలసిన బిట్స్ విద్యాసంస్థయు, జీనోమ్ వ్యాలీ యను పరిశోధనాలయముల సముదాయమును శామీరుపేట చుట్టుపట్ల నున్నవి. ఆ భవనములను జూచి తమ బిడ్డల కొఱకు ఆశపడని తల్లిదండ్రులు లేరు. కావుననే "ఒలింపియాడ్", "ఫౌండేషన్" అను పేళ్లతో తొమ్మిదేండ్ల పసివారికి బ్రత్యేక తరగతులు నడపు బడుల ప్రకటనలు రహదారి పొడవునను గానవచ్చును. ఆ రహదారికి అనతిదూరముననే కర్మాగారములలోను, గట్టడములలోను గూలి చేయువారి పిల్లలు ప్రభుత్వ పాఠశాలలకు నడచిపోవుచుందురు. వారిలోను జుఱుకైనవారు లేకపోలేదు. బుద్ధి ధనమును జూచి పుట్టదు గదా! ఆ బుద్ధిని గుర్తించుట యెట్లు? గుర్తించిన పిదప దానికి మన మీయవలసిన దేమి? ఈ రెండు ప్రశ్నలకును జరిత్ర యేమి యుత్తర మిచ్చుచున్నదో విచారింతము.

మన పూర్వపు వీధిబడులను బరిహసించుట నేటివారికి వాడుకైనది. ఇసుకలో నక్షరములు దిద్దుటయు, బెత్తపు దెబ్బలును, అర్థము తెలియని వల్లెవేతయు నచట నుండిన మాట నిజమే. కాని 1823లో బళ్లారి కలెక్టరగు క్యాంబెల్ దొర చెన్నపట్టణపు ప్రభుత్వమునకు బంపిన నివేదికలో వేఱొక విశేషము గూడ గలదు. బాలుడు తన శక్తిని బట్టి యొక తరగతినుండి మఱియొక తరగతి కెక్కుచుండె ననియు, క్రింది తరగతులవారికి బై బాలురు కొంతవఱకు జదువు చెప్పుచుండి రనియు నాతడు వ్రాసెను. అంతకు ముందే, 1789 మొదలు చెన్నపట్టణములోని ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయమునకు బర్యవేక్షకుడుగా నుండిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, దేశీయుల బడిలో బిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి యా పద్ధతిని దన బడిలో బెట్టెను. పిల్లలచేతనే పిల్లలకు బాఠములు చెప్పించెను. 1797లో లండనున దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. "మద్రాసు పద్ధతి" యను పేర నది ఇంగ్లాండున వ్యాపించినది. వయస్సును బట్టి గాక శక్తిని బట్టి ముందునకు బోవలె నను సూత్రము మన వీధియరుగులపై నొకప్పు డాచరణలో నుండిన దన్నమాట.

అంతమాత్రమున నా కాలమును మెచ్చుకొని కూర్చుండరాదు. ఆ నివేదికలోనే బళ్లారి జిల్లాయందలి 533 బడులలో 6,641 మంది విద్యార్థు లుండగా, బాలికలు 60 మంది మాత్రమే యని యున్నది. అంటరానివారని దూరముగ నుంచబడిన కులముల బిడ్డలకు ఆ యరుగు లెక్కు భాగ్య మరుదు. మన పూర్వులు చుఱుకైన బాలుని నాపలేదు. చుఱుకైన బాలికను జూడనే లేదు.

తరువాత నింగ్లీషు పద్ధతి బడులు వచ్చినవి. ద్వారము కొంత వెడల్పయ్యెను. కాని లోపలికి వచ్చినవా రందఱు నొక్కటే యడుగు వేయవలె నను నియమమును వచ్చెను. ఆ నియమము కాలికి దగిలి పడినవారిలో శ్రీనివాస రామానుజన్ ముఖ్యుడు. 1897లో బ్రాథమిక పరీక్షయందు తంజావూరు జిల్లాకు బ్రథముడుగా వచ్చిన యీ బాలుడు, 1904లో విద్యార్థివేతనముతో గుంభకోణము కళాశాల జేరెను. గణితమునందే మునిగి తక్కిన విషయములను విడిచినందున నా వేతనమును గోల్పోయెను. పిదప చెన్నపట్టణమున వ్రాసిన పరీక్షలలోను దప్పెను. ఆతడే 1918లో లండను రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఒక పరీక్షలో బ్రథముడు, మఱియొక పరీక్షలో బరాజితుడు, మనుష్యు డొక్కడే. ఆతని బ్రతికించినది పరీక్ష గాదు. చిన్ననాట జేతికి దొరకిన కార్ అను నాంగ్లేయుని గణితగ్రంథమును, 1912లో చెన్నపట్టణపు రేవు కార్యాలయమున దొరకిన చిన్న యుద్యోగమును, 1913లో నాతని లేఖను జదివి విలువ కట్టగలిగిన హార్డీ పండితుడును ఆతని బ్రతికించిరి. పుస్తకము, తీరిక, చదివి తెలిసికొనగల పెద్ద: ప్రతిభకు గావలసినవి యీ మూడు.

పరీక్షనే మఱింత శాస్త్రీయముగ జేసినచో బొరపాటు దొలగునేమో యని కొంద ఱందురు. 1905లో ఫ్రాన్సు దేశమున బినే పండితుడు బుద్ధిపరీక్షను గల్పించినది వెనుకబడిన పిల్లలను గనుగొని తోడ్పడుటకై. దానినే అమెరికాలో టెర్మన్ అను నాచార్యుడు అసాధారణ బుద్ధిమంతుల నేఱుటకు వినియోగించెను. 1921 మొదలు కాలిఫోర్నియా రాష్ట్రమున సుమా రొక వేయిన్నైదువందల మంది పిల్లల నేఱి, వారి జీవితములను బెక్కేండ్లు గమనించెను. వారిలో ననేకులు చదువుకొని మంచి యుద్యోగములలో గుదురుకొనిరి. కాని నోబెల్ బహుమాన మొక్కరికిని రాలేదు. ఆ పరీక్షలో జాలినన్ని మార్కులు రాక త్రోసివేయబడిన బాలు రిద్దఱు, షాక్లీ 1956లోను, ఆల్వరెజ్ 1968లోను, భౌతికశాస్త్రమున నా బహుమానము నందుకొనిరి! జల్లెడ యెంత సన్ననిదైనను గింజలు కొన్ని క్రిందికి జాఱుచునే యుండును.

ఇక మన తెలుగునాటికి వత్తము. 1971 నవంబరులో, పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నుండగా, నాటి నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామమున బ్రతిభగల పేద గ్రామీణ బాలుర కొఱకు గురుకుల పాఠశాల యేర్పడినది. మఱుచటి యేడు గుంటూరు జిల్లా తాడికొండయందును, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లియందును అట్టివే వెలసినవి. ధనికుల బిడ్డలకు మాత్రమే లభించుచుండిన వసతి విద్యను బల్లెటూరి పేదవాని కుమారునకు నుచితముగ నిచ్చుట యా కాలమున జిన్న సంస్కారము కాదు. ఆ నరసింహారావుగారే 1985లో గేంద్రమున మానవవనరుల మంత్రియైరి. ఆ విద్యాసంవత్సరముననే హర్యానాలో ఝజ్జరునందును, మహారాష్ట్రలో అమరావతియందును మొదటి నవోదయ విద్యాలయములు తెఱువబడినవి. వానిలో నూటికి డెబ్బదియైదు స్థానములు గ్రామీణులకు, మూడవ వంతు బాలికలకు గేటాయింపబడినవి. వీధిబడి చూడని బాలిక నీ బడులు చూచినవి. 2024 డిసెంబరులో గేంద్ర మంత్రిమండలి దేశమున 28 క్రొత్త నవోదయ విద్యాలయముల కనుమతి యిచ్చెను. తెలంగాణమునకు లభించిన యేడింటిలో మా మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా యొకటి.

ఈ వార్త విని మేము సంతోషించితిమి. అయినను లెక్క చూడుడు. ఒక నవోదయమున నాఱవ తరగతికి 80 స్థానములు. ప్రవేశపరీక్షలో రెండు గంటలలో 80 ప్రశ్నలు, 100 మార్కులు. పదేండ్ల బిడ్డ భవిష్యత్తు రెండు గంటలలో దేలిపోవలసినదే! జిల్లాలో నైదవ తరగతి చదువు పిల్లలు వేలకొలదిగ నుండగా, ఎనుబదిమంది వెళ్లిన పిమ్మట దక్కినవారి గతి యేమి? ఎనుబదియొకటవ బిడ్డ మందమతియా? అంతియ గాక, యే పరీక్షకైనను ముందుగ శిక్షణ యిప్పింపగలవారు తమ బిడ్డలకు శిక్షణ యిప్పింతురు. క్రమముగ నా పరీక్ష బిడ్డ బుద్ధిని గాక తండ్రి చేతిసంచిని దూచుట కారంభించును. ఒడిశా, బీహారులనుండి వచ్చి మా మేడ్చలులో గూలి చేయువారి బిడ్డ ప్రశ్న తెలియక గాక, ప్రశ్న భాష తెలియక తప్పవచ్చును.

కావున గురుకులములు వలదని మా యభిప్రాయము గాదు. గురుకులముల గొప్పతనము వారు పెట్టిన జల్లెడలో లేదు. జల్లెడ దాటిన పిమ్మట బిడ్డకు వారిచ్చిన యన్నములో, పుస్తకములో, గురువు సన్నిధిలో, చదువుకొన దొరకిన తీరికలో నున్నది. వీనిలో నన్నముదప్ప దక్కినవానికి గొప్ప భవనములు గావలయునా? మధ్యాహ్న భోజన మిప్పటికే ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకును వచ్చుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానముగూడ, విశేషాభిరుచి గల పిల్లలకు దరగతి పాఠమునకు మించిన సామగ్రి నొసగి ప్రోత్సహింపుడని యుపాధ్యాయులకు జెప్పుచున్నది.

ఆచరణలో నిది యెట్లనగా: ప్రతి తరగతిలోను ముందుగ ముగించిన పిల్ల కొఱకు రెండవ లెక్క యొకటి సిద్ధముగ నుండవలయును. అది మొదటి లెక్కవంటి మఱి పది లెక్కలు గాక, ఆలోచింపజేయు క్రొత్త ప్రశ్న కావలయును. మూడవ తరగతి పిల్ల గణితమున నైదవ తరగతికి దగినదైనచో, ఆ యొక్క గంట యైదవ తరగతిలో గూర్చుండనీయవలయును. తక్కిన వేళల దన యీడువారితోనే యాడుకొనవలయును. పుస్తకములు బీరువాలో దాళము క్రింద గాక పిల్లల చేతికందు నెత్తున నుండవలయును. ప్రతిభను రెండు గంటల పరీక్షచే గాక, సంవత్సరము పొడవునను గమనించి, బిడ్డ యింటి భాషలోను మాటలాడించి నిర్ణయింపవలయును. అన్నిటికంటె ముఖ్యముగ, ఈ పిల్ల మేధావి, ఈ పిల్ల మందమతి యని యెవరి నుదుటను వ్రాయరాదు. నేడు తలగోకికొనువాడు రేపు తలయెత్తవచ్చును.

గృహిణులకును, గృహస్థులకును మా విన్నప మొక్కటి. మీ బిడ్డ చుఱుకైన దగుచో దానిని బందెపు గుఱ్ఱముగ జేయకుడు. అడిగిన ప్రశ్నకు విసుగుకొనకుడు. ఇంటి పనులలో గూతునకే వాటా పెట్టి కుమారునకు బుస్తకము చేతి కీయకుడు. మీ వీధిలోని ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి, అచట జదువగోరు పిల్లలకు బుస్తకములు గలవా యని యొకమా ఱడుగుడు. ఎనుబదిమందికి ద్వారము తెఱచుట ప్రభుత్వము చేయగల పని. ఎనుబదియొకటవ బిడ్డకు బుస్తక మిచ్చుట మన మందఱము చేయవలసిన పని.