కందెన, దుమ్ము, తాళం చెవి

నాగర్‌కర్నూలుకు ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే మా వైపు పెద్దలు రెండు కథలు చెబుతారు. నాగన్న, కందన్న అనే ఇద్దరు ఆ సీమను ఏలారని ఒకటి. ఎడ్లబండ్ల బాటలో అది మజిలీ అనీ, ఇరుసులకు కావలసిన కందెన అక్కడ దొరికేది గనుక ఆ ఊరు కందెనవోలు అయిందనీ, అదే నోళ్ళలో నలిగి కందనూలు, కర్నూలు అయిందనీ రెండోది. తుంగభద్ర ఒడ్డున ఉన్న పెద్ద కర్నూలుకు కూడా ఇదే ఐతిహ్యం ఉంది. అలంపురం గుడులకు రాళ్ళు మోసిన బండ్లు నది దాటేముందు అక్కడ ఆగి చక్రాలకు కందెన పెట్టుకునేవట. ఒకే కథ రెండు ఊళ్ళ పేర్లకు అతికినప్పుడు చరిత్రకారుడు అనుమానించాలి. నేను చరిత్రకారుణ్ణి కాను గనుక సగమే అనుమానిస్తాను. పేరు సంగతి ఎలా ఉన్నా, రాళ్ళబండి నడిచిన చోట కందెన లేకుండా గడవదు.

ఈ తరం పాఠకులలో కందెనను చూడనివారు చాలామంది ఉంటారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి చేసే నల్లని జిగురు ముద్ద అది. పాలమూరు ఆముదాలకు పేరుపడ్డ నేల. ఇటు మెట్టచేలలో గింజ, అటు గడ్డివాములో మసి. మా అమ్మ పుట్టిల్లు నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె. మా తాత బండి కింద ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉండేది. అందులో కందెన, దానిలో మునిగి ఒక పుల్ల. ఇరుసు కిర్రుమంటే కందెన. బావి గిలక కిర్రుమంటే కందెన. తలుపు బందు మొరాయిస్తే ఒట్టి ఆముదం. బిగుసుకున్నదానికల్లా నూనె పోయడమే మా ఇంటి యంత్రశాస్త్రం. అది నాకు వారసత్వంగా వచ్చింది.

ఆ వారసత్వమే ఒక వేసవి రాత్రి ప్రాణం మీదికి తెచ్చింది.

నా కారు పాత మారుతి 800, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నాటి ఏపీ 22 నంబరుది. 2016లో జిల్లా చీలి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలైనా దాని పలక మాత్రం మారలేదు. రెండేళ్ళుగా దాని ఇగ్నిషన్ తాళం సతాయిస్తూ వచ్చింది. చెవి లోపలికి పోతుంది, తిరగదు. అటూ ఇటూ ఆడిస్తే, బతిమాలితే తిరుగుతుంది. నేను కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు పోసేవాణ్ణి. పది రోజులు హాయిగా తిరిగేది. మళ్ళీ బిగిసేది. మళ్ళీ నాలుగు చుక్కలు. చెవిపోటు వచ్చినా చెవిలో నూనె పోసే జాతి కదా మనది, తాళం చెవికి పోస్తే తప్పేమిటనుకున్నాను.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక అమ్మకు ఆయాసం ఎక్కువైంది. వెనక సీట్లో కూర్చోబెట్టాను. చెవి పెట్టాను. తిరగలేదు. ఆడించాను, లాగి మళ్ళీ పెట్టాను, చెవి వంగుతుందేమోనన్న భయం కూడా వదిలి బలవంతం చేశాను. వెనకనుంచి అమ్మ ఊపిరి వినిపిస్తూ ఉంది. చివరికి వీధి చివర ఆటో అతణ్ణి నిద్రలేపి తీసుకుపోయాము. పావుగంట ఆలస్యం. నాలుగో రోజుకు అమ్మ తేరుకుంది. ఆసుపత్రి మంచం మీదనుంచి ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “దానికి ఇంత నూనె పొయ్యకపోయినవా బిడ్డా?”

వనపర్తిలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అక్కడి పాలిటెక్నిక్‌లో చదివినవాడు. ఆ కళాశాల కథ వేరే వ్యాసం అవుతుంది. 1959లో మొదలై, వనపర్తి సంస్థానాధీశుల రాజప్రాసాదంలోనే నడుస్తూ వచ్చింది. రాజులు కొలువుండిన గడపలోకి మన పల్లెల పిల్లలు స్లైడ్‌రూలు పట్టుకుని అడుగుపెట్టారు. సంస్థానాల చరిత్రలు రాసేవారు కవిపండితుల సత్కారాలకు ఇచ్చిన పుటలలో పదోవంతు కూడా దీనికి ఇవ్వరు. సరే, విషయానికి వస్తాను. ఆయన తాళం సిలిండరు బయటికి తీసి, తెల్లగుడ్డ మీద విదిలించి అడిగాడు: “సార్, ఇండ్ల నూనె ఎవరు పోసిన్రు?”

గుడ్డ మీద పడ్డది మా తాత గొట్టంలోని కందెనే. అదే నలుపు, అదే జిగురు. నేను పోసిన నూనె, రెండేళ్ళ దుమ్ము, అరిగిన ఇత్తడి పొడి కలిసి తయారైంది. ఇరుసుకు అది అమృతం. ఇరుసు మోటు పని, బరువు మోయాలి. మధ్యలో దళసరి పొర ఉంటేనే కొయ్య, ఇనుము ఒరుసుకోకుండా ఉంటాయి. తాళం పని అది కాదు.

తాళం లోపల జరిగేది చాలా పాత సంగతి. ప్రాచీన ఈజిప్టు, అస్సీరియాల కొయ్యతాళాలలో కూడా గడియను పట్టి ఉంచే చిన్న మేకులు ఉండేవి; చెవి వాటిని సరైన ఎత్తుకు లేపితే గడియ జరిగేది. 1860లలో అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ ఆ ఊహనే చిన్న సిలిండరులోకి కుదించి, జేబులో పట్టే బల్లపరుపు చెవిని ఇచ్చాడు. కార్ల తాళాలలో మేకులకు బదులు పలుచని ఇత్తడి రేకులు వచ్చాయి. ఒక్కొక్క రేకు వెనక వెంట్రుకలాంటి స్ప్రింగు. సరైన చెవి పడితే రేకులన్నీ సిలిండరు అంచుకు సమంగా వస్తాయి, అప్పుడే అది తిరుగుతుంది. ఒక్క రేకు గోటి అంచంత బయటికి పొడుచుకు వచ్చినా తిరగదు. అంత సన్నని స్ప్రింగు కందెనలో కూరుకున్న రేకును ఎలా నెట్టగలదు?

అసలు కారుకు తాళం చెవితో ప్రాణం పోయడం మొదటినుంచీ ఉన్నది కాదు. తొలినాళ్ళలో ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పవలసిందే. అది ఎదురుతన్ని చేతులు విరిగినవారున్నారు. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి క్యాడిలాక్‌లో వచ్చింది. ఆ తరువాత కూడా చాలాకాలం చెవి కరెంటుకు అనుమతి మాత్రమే ఇచ్చేది, ఇంజను తిప్పడానికి వేరే బొత్తామో, మోరిస్ మైనర్‌లో వలె లాగే పిడియో ఉండేది. చెవి తిప్పితేనే ఇంజను లేచే ఏర్పాటును 1949లో క్రైస్లర్ తెచ్చింది. అమెరికాలో 1970 నుంచి దొంగల భయానికి స్టీరింగును కూడా ఆ తాళమే బిగించడం ఆనవాయితీ అయింది. మన దేశంలో 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలను హర్‌పాల్ సింగ్ చేతికిచ్చిన ఛాయాచిత్రం చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు హ్యాండిలు, బొత్తాము, చెవి పంచుకున్న పనులన్నీ అప్పటికి ఆ ఒక్క గుత్తిలోకి చేరాయి. మరమ్మతు మాట ఆ చిత్రంలో ఎవరికి తడుతుంది?

మెకానిక్ చేసింది చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు. ముందు స్టీరింగును కాస్త అటూ ఇటూ కదుపుతూ చెవి తిప్పి చూడాలన్నాడు. చక్రం వంకరగా ఆగితే తాళం గడియ మీద ఒత్తిడి పడి, దోషం లేని తాళం కూడా తిరగదు. నా తాళానిది ఆ జబ్బు కాదు. ఆరిపోయే క్లీనరుతో జిగురంతా కడిగాడు. గాలి కొట్టి ఆరబెట్టాడు. తరువాత గ్రాఫైటు పొడి చిటికెడు ఊది, చెవిని ఇరవైసార్లు పెట్టి తీశాడు. పొడి దొరకకపోతే మెత్తని 6బీ పెన్సిలుతో చెవి పళ్ళ మీద రుద్దినా కొంతవరకు పనిచేస్తుందట. పెన్సిలు ములుకులో బంకమట్టి కలుస్తుంది, 1795లో ఫ్రాన్సులో కోంటే కనిపెట్టిన పద్ధతి అది. అందుకని శుద్ధమైన పొడే మేలు. గ్రాఫైటు పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి, దుమ్మును పట్టవు. అదీ కార్బనే. తాత కందెనలోని మసికి దూరపు చుట్టం. అంటే తాత గొట్టంలో సగం మందు సరైనదే, మిగతా సగం విషం!

తాళం బాగయిందనుకున్నాను. ఆయన నా చెవిని వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచాడు. అది అసలు చెవి కాదు. అరిగిన చెవి చూసి చేయించిన నకలు. ఆ నకలు కూడా అరిగింది. ఆ మాట వినగానే నాకు బ్రౌను గుర్తుకొచ్చాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ఆయన ఎన్నో తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చుకోవలసి వచ్చింది. నకలుకు నకలు తీసేకొద్దీ లేఖకుల తప్పులు పేరుకుంటాయి గనుక. ఇక్కడ అంత శ్రమ లేదు. ఇంట్లో పాత కాగితాల కట్టలో, కారుతో వచ్చిన రేకుబిళ్ళ మీద చెవి నంబరు ఉంది. ఆ నంబరు ప్రకారం కొత్త చెవి కోయించాము. రెండు చెవులనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే నాది గుండ్రబడిన కొండల వరుసలా ఉంది.

గుత్తిలోంచి ఇంటి తాళాలు, బీరువా తాళాలు తీసేయమని కూడా అన్నాడు; ఆ బరువుకు రేకులు అరుగుతాయి. ఇది చాదస్తం కాదు. 2014లో జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఇటువంటి చోటనే. నాకు వచ్చిన కష్టానికి అది తలకిందులు: స్విచ్చి మరీ తేలికగా తిరిగి, గుత్తి బరువుకో కుదుపుకో పరుగులోనే ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 124 మరణాలకు ఆ సంస్థ నష్టపరిహార నిధి బాధ్యత అంగీకరించింది.

అమ్మ ఇప్పుడు బాగుంది. తాళం కూడా. మొన్న గద్వాలకు పెళ్ళికి పోతూ ఆమె కారెక్కి, నేను చెవి తిప్పగానే ఇంజను లేవడం చూసి, “నూనె పోసినవా?” అని మళ్ళీ అడిగింది. పోశానన్నాను.