గాలి-ఇంధన నిష్పత్తి కొలత: ఆక్సిజన్ సెన్సర్ చారిత్రక పరిణామం

వ్యాససంగ్రహం:
పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం ఏ పాళ్ళలో కలిశాయో పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్ ఆధారంగా తెలిపే పరికరం ఆక్సిజన్ సెన్సర్. 19వ శతాబ్దం చివర దీపం కోసం తయారైన ఒక పింగాణీ పదార్థం 1976 నాటికి కారు పొగగొట్టంలోకి చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ పరికరపు తొలిరూపం నిష్పత్తిని కొలవలేదు. ఒక హద్దుకు ఏ వైపున ఉన్నామో మాత్రమే చెప్పింది. అప్పటి ఉత్ప్రేరకానికి ఆ ఒక్క సమాధానమే అవసరం కావడం వల్ల అది నిలదొక్కుకుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆక్సిజన్ సెన్సర్, లామ్డా, జిర్కోనియా, నెర్న్‌స్ట్, ఉత్ప్రేరకం, సీసరహిత పెట్రోలు.

1. ఉపోద్ఘాతం:
ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇంజనుకు నిజంగా అందిన గాలిని, అందవలసిన గాలితో భాగిస్తే వచ్చే విలువను ‘లామ్డా’ అంటారు. అది 1 అయితే పాళ్ళు సరిపోయినట్లు. 1 కంటే తక్కువైతే ఇంధనం, ఎక్కువైతే గాలి మిగిలినట్లు. మెకానిక్కుల వాడుకలో మొదటిది ‘రిచ్’, రెండవది ‘లీన్’.

కార్బ్యురేటర్ల కాలంలో ఈ పాళ్ళను స్పార్క్ ప్లగ్గు రంగును బట్టి, ఇంజను శబ్దాన్ని బట్టి అంచనా వేసేవారు. ప్రయోగశాలలో పొగను సీసాల్లోకి పట్టి, రసాయనాలతో విశ్లేషించే పద్ధతీ ఉండేది. అయితే మొదటిది అనుభవజ్ఞుడి ఊహ. రెండవది నిమిషాల తరబడి సాగే పని. నడుస్తున్న బండిలో క్షణక్షణం పాళ్ళను తెలిపే సాధనం ఏదీ లేదు. అటువంటి సాధనం ఎప్పుడు, ఎందుకు అవసరమైందన్నది ఇక్కడ ప్రధాన ప్రశ్న.

2. దీపం నుండి మాపకం దాకా:
జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో, విద్యుద్ఘటంలో పుట్టే వోల్టేజికీ, పదార్థాల గాఢతకూ మధ్య సంబంధాన్ని సమీకరణంగా చెప్పారు. దశాబ్దం తరువాత ఆయన తన కొత్త దీపం కోసం జిర్కోనియాకు సుమారు 15 శాతం యిట్రియా కలిపిన కడ్డీని వాడారు. చల్లగా ఉన్నప్పుడు అది విద్యుత్తును దాదాపుగా ప్రవహింపనీయదు. బాగా వేడెక్కితే వాహకమవుతుంది. ఆ ప్రవాహానికి కారణం ఆక్సైడ్ అయాన్ల కదలికే. స్ఫటికంలోని ఖాళీ స్థానాల ద్వారా అయాన్లు కదులుతాయని 1943లో కార్ల్ వాగ్నర్ వివరించారు.

టంగ్‌స్టన్ తీగ దీపాల రాకతో నెర్న్‌స్ట్ దీపం మరుగున పడింది, పదార్థం మిగిలింది. 1961లో వెస్టింగ్‌హౌస్ సంస్థకు చెందిన వైస్‌బార్ట్, రుకా దానితోనే ఆక్సిజన్ మాపకాన్ని రూపొందించి ప్రకటించారు. జిర్కోనియా గోడకు ఒకవైపు తెలిసిన వాయువు, మరోవైపు తెలియని వాయువు ఉంటే, రెండింటి ఆక్సిజన్ పాక్షికపీడనాల తేడా వోల్టేజిగా బయటపడుతుంది. నెర్న్‌స్ట్ సమీకరణం, నెర్న్‌స్ట్ పదార్థం ఒకే పరికరంలో కలిసిన సందర్భం ఇది. అయినా కార్లకు దీని అవసరం అప్పటికింకా ఏర్పడలేదు.

3. చట్టం తెచ్చిన అవసరం:
ఆ అవసరానికి మూలాలు లాస్ ఏంజెలిస్ నగరపు గాలిలో ఉన్నాయి. వాహనాల పొగలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో చర్య జరిపి ఓజోనును పుట్టిస్తున్నాయని 1950ల తొలినాళ్ళలో ఏరీ హాగెన్-స్మిట్ నిరూపించారు. 1970 డిసెంబరు 31న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన స్వచ్ఛవాయు చట్టం కొత్త కార్ల కాలుష్యాన్ని 90 శాతం తగ్గించాలని ఆదేశించింది. ఆ లక్ష్యాన్ని అందుకునే సాంకేతికత అప్పటికి మార్కెట్లో లేదు. గడువులు తరువాత పొడిగించవలసి వచ్చినా, దిశ మారలేదు.

1975 మోడల్ కార్లలో వచ్చిన తొలి ఉత్ప్రేరకాలు కార్బన్ మోనాక్సైడునూ, హైడ్రోకార్బన్లనూ ఆక్సీకరించేవి. నైట్రోజన్ ఆక్సైడ్లను అలాగే వదిలేసేవి. ఎంగెల్‌హార్డ్ సంస్థలో జాన్ మూనీ, కార్ల్ కీత్ అభివృద్ధి చేసిన త్రిముఖ ఉత్ప్రేరకం మూడింటినీ శుద్ధి చేయగలిగింది. కానీ దానికి కఠినమైన షరతు ఉంది. మిగులు ఆక్సిజన్ ఉంటే నైట్రోజన్ ఆక్సైడ్లు మిగులుతాయి. ఆక్సిజన్ చాలకపోతే మిగిలిన రెండూ మిగులుతాయి. లామ్డా 1 చుట్టూ ఉన్న సన్నని అవధిలోనే మూడు పనులూ సాగుతాయి. కార్బ్యురేటరు మాత్రమే ఆ అవధిలో నిలకడగా నిలవలేదు.

4. హద్దును చెప్పే సెన్సర్:
బాష్ సంస్థ 1976లో ఉత్పత్తి ప్రారంభించిన లామ్డా సెన్సర్ ఆ లోటును పూరించింది. అది మొదట కాలిఫోర్నియాలో విక్రయించిన 1977 మోడల్ వోల్వో కార్లలో వచ్చింది. ప్లాటినం పూతగల జిర్కోనియా గొట్టం లోపల బయటిగాలి, వెలుపల పొగ ఉంటాయి. ఇంధనం ఎక్కువైతే దాదాపు 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే దాదాపు 0.1 వోల్టు వస్తుంది. లామ్డా 1 వద్ద వోల్టేజి నిట్టనిలువుగా మారుతుంది. ప్లాటినం పూత వద్ద మిగులు ఇంధనం, ఆక్సిజన్ చర్య జరిపి సమతాస్థితికి వస్తాయి. అందువల్ల హద్దు దాటగానే ఆక్సిజన్ పాక్షికపీడనం కొన్ని రెట్లు కాదు, ఎన్నో దశాంశ స్థానాల మేరకు పడిపోతుంది.

కాబట్టి ఈ సెన్సర్ నిష్పత్తి 13 అనో, 16 అనో చెప్పదు. ‘ఎక్కువ’, ‘తక్కువ’ అని మాత్రమే చెబుతుంది. నియంత్రణ యూనిట్ దాన్ని విని ఇంధనాన్ని తగ్గిస్తుంది, వెంటనే పెంచుతుంది; ఆ ఊగిసలాట సగటు 1 వద్ద నిలుస్తుంది. కొలమానంగా ఇది లోపమే; ఉత్ప్రేరకానికి కాపలాగా మాత్రం ఇదే సరిపోయింది.

మరొక పరిమితి కూడా ఉంది. సెన్సర్ చూసేది లోపలికి వెళ్ళినదాన్ని కాదు, మిగిలినదాన్ని. ఒక సిలిండరులో మంట అంటుకోకపోతే వాడని ఆక్సిజన్ పొగలోకి వస్తుంది. సెన్సర్ దాన్ని గాలి ఎక్కువైనట్లు చెబుతుంది. యూనిట్ అనవసరంగా ఇంధనం పెంచుతుంది. పొగగొట్టానికి పగులు పడినా ఇదే పొరపాటు జరుగుతుంది.

తరువాతి మార్పులు ఈ పరిమితుల చుట్టూనే జరిగాయి. నెర్న్‌స్ట్ కడ్డీలాగే సెన్సరుకూ వేడి కావాలి కనుక 1982లో లోపలే హీటరు అమర్చారు. 1990లలో విస్తృతశ్రేణి సెన్సర్లు వచ్చాయి. వాటిలో రెండవ జిర్కోనియా ఘటం ఆక్సిజనును పంపు చేస్తూ ఒక చిన్న గదిలో లామ్డాను 1 వద్ద నిలుపుతుంది. అందుకు కావలసిన విద్యుత్ ప్రవాహమే నిష్పత్తికి కొలత. అంటే నిజమైన కొలత, హద్దు చెప్పే సెన్సర్ వచ్చిన చాలా కాలానికి, దాన్నే ఒక భాగంగా చేసుకొని వచ్చింది.

5. భారతదేశం: ఇంధనం ముందా, పరికరం ముందా?
పెట్రోలులో కలిపే సీసం ఉత్ప్రేరకాన్నీ, సెన్సరునూ పాడుచేస్తుంది. కాబట్టి ఈ పరికరం చరిత్ర ఇంధనం చరిత్ర నుండి విడదీయరానిది. మనదేశంలో 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టరును తప్పనిసరి చేసి, సీసరహిత పెట్రోలును అందుబాటులోకి తెచ్చారు. ఆ తొలి జాబితాలో హైదరాబాదు లేదు. దేశమంతటా సీసరహిత పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి అమలైంది.

1995 నాటి కార్లలో కార్బ్యురేటరుతో నడిచేవే ఎక్కువ. పాళ్ళను సరిదిద్దే సెన్సర్ లేకుండా ఉత్ప్రేరకం మాత్రమే వచ్చిన ఆ దశ అమెరికాలోని 1975 దశను గుర్తుచేస్తుంది. ద్విచక్రవాహనాల్లో ఈ మార్పు మరింత ఆలస్యమైంది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలు కావడంతో ఫ్యూయల్ ఇంజెక్షనూ, దానితో ఆక్సిజన్ సెన్సరూ సామాన్యుడి మోటారు సైకిలుకు చాలావరకు చేరాయి. కారులో తొలిసారి కనిపించిన నాలుగు దశాబ్దాల తరువాతి మాట ఇది.

6. ముగింపు:
ఆక్సిజన్ సెన్సర్ చరిత్రను ఖచ్చితత్వం క్రమంగా పెరిగిన కథగా చెప్పడం సరిపోదు. శాస్త్రసూత్రం 1889 నాటికి, పదార్థం 1900 లోపే, మాపకం 1961 నాటికి సిద్ధంగా ఉన్నాయి. వాటిని కారులోకి తెచ్చినది చట్టం విధించిన పరిమితి, దాని వెనుక ఉన్న నగరవాసుల ఊపిరి. మనదేశ అనుభవం దీనికి మరొక అంశాన్ని చేరుస్తుంది. పరికరం తెలిసి ఉండడం వేరు, దానికి తగిన ఇంధనమూ ప్రమాణమూ ఉండడం వేరు. రెండవది లేనంతకాలం మొదటిది ప్రజల గాలికి ఉపయోగపడలేదు. సాంకేతిక చరిత్రను ఆవిష్కరణల తేదీలతోపాటు అమలు తేదీలతో కూడా రాయవలసిన అవసరాన్ని ఈ చిన్న పరికరం స్పష్టం చేస్తున్నది.