జొన్నరొట్టె ఒక్కటే సరిపోలేదు

ఉప్పల్, నాచారం దుకాణాల్లో జొన్నపిండి, మునగాకు పొడి ఇప్పుడు ‘సూపర్‌ఫుడ్’ పేరుతో దొరుకుతున్నాయి. మన బుజుర్గులకు అవి రోజువారీ గిజాయే. అయితే ఏ ఒక్క గిజానూ దవా అనుకోకూడదని చెప్పే తారీఖ్ కూడా మన పక్కనే ఉంది.

ఉప్పల్, నాచారం దారులు విడిపోయే హబ్సిగూడకు కాస్త ఇవతల, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులో మొదలుపెట్టిన చిన్న విభాగమే అది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది.

ఆ రోజుల్లో దక్కన్ గరీబుల్లో పెల్లాగ్రా అనే మర్జ్ కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబారి పొరలు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. వాళ్ల తిండి దాదాపు జొన్నే. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్, ఒంటికి నియాసిన్ విటమిన్ అందకుండా అడ్డుపడుతుండవచ్చని ఆ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు.

కసూర్ జొన్నది కాదు, గుర్బత్‌ది. పక్కన పప్పు, పాలు, గుడ్డు, గోష్త్ పెట్టుకోగలిగిన ఇంట్లో అదే రొట్టె సేహత్ ఇచ్చింది. పీచు, ఇనుము ఉన్న మంచి ధాన్యమది.

అందుకే ఖరీదైన డబ్బా కొనేముందు మన దస్తర్‌ఖాన్ చూసుకుందాం. జొన్నరొట్టె పక్కన ఖట్టీ దాల్, అంబాడా భాజీ, ఒక గుడ్డు ఉన్నాయా? పిల్లలకు అదే అసలు నేమత్.